బాతుల మందు

1979

మార్చి 4, ఆదివారం

నార్బర్ట్ వచ్చి కింద గదిలో సామానంతా తీసుకెళ్లాడు. తూటాలు నింపే ప్రెస్, త్రాసు, తుపాకీ మందు కొలిచే గొట్టం, మందు ఉన్న ఎర్ర డబ్బాలు, అన్నీ. కొన్నాళ్లు వాళ్ల అన్నయ్య ఇంట్లో ఉంటాడట. నడుం నొప్పికి అక్కడి పరుపు హాయిగా ఉంటుందట. ఉండనీ. ఈస్టర్‌కల్లా ఇంటికి వచ్చేస్తాడు.

నా పిస్తోలు జోలికి మాత్రం పోలేదు. అది మా నాన్నది, పోలేడు. గడపలో ఆగి ఒక పెట్టె తూటాలు నా చేతిలో పెట్టాడు. "ఇవి అయిపోయేదాకా పొదుపుగా వాడుకో ఆర్లీన్. కొట్లో కొన్నవి నీకు పడవు. మొరటుగా తంతాయి, నీ చేతులు తట్టుకోలేవు" అన్నాడు.

పోతూ పోతూ కూడా నా చేతుల గురించే ఆలోచించాడు.

కింద గదిలో బల్ల ఒక్కటే మిగిలింది. ప్రెస్ బిగించిన చోట బెజ్జాలు.

మార్చి 13, మంగళవారం

పిస్తోలు క్లబ్బుకి వెళ్లాను. నార్బర్ట్ ముందే వచ్చి ఉన్నాడు. పక్కన లొరెటా. పోస్టాఫీసులో పనిచేసే లొరెటా. ఆమెకి తుపాకుల మీద ఇంత ఆసక్తి ఉందని నాకు తెలియదు. నడుం నొప్పి మనిషి ఆమె కుర్చీ ఎత్తి తెచ్చి వేశాడు.

నేను చెవులకి కప్పు పెట్టుకునేలోపు వినబడింది. రస్‌తోనో ఎవరితోనో అంటున్నాడు, అందరికీ వినబడేలా: "ఆర్లీన్ గెలిచినవన్నీ నా తూటాలు గెలిచినవే. ఆవిడ చేసిందల్లా ట్రిగ్గర్ లాగడం. నా పెట్టె ఖాళీ అయ్యాక చూడండి, ఎదురుగా గోడకి కూడా తగలదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 14

నిన్నటిది సరదాకి అన్నాడు. నేను పట్టించుకోలేదు.

మార్చి 15

అసలు పట్టించుకోలేదు.

మార్చి 24, శనివారం

బేకరీలో పని అయ్యాక నేరుగా నది ఒడ్డున మిసెస్ క్విగ్లీ కొట్టుకి వెళ్లాను. చేపలకి ఎర, రబ్బరు బూట్లు, తుపాకీ మందు, మూడూ అమ్ముతుంది. కొట్టంతా వానపాముల వాసన. వయసులో ఉన్నప్పుడు ఈ జిల్లాలో ఆవిడ ముందు పిస్తోలు పట్టుకోవడానికి మగాళ్లు జంకేవాళ్లని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు మోకాళ్లు లేవు, నోరు మాత్రం ఉంది.

"తూటాలు నింపడం నేర్చుకోవాలి మిసెస్ క్విగ్లీ" అన్నాను.

"ఎవరి కోసం?"

"నా కోసమే."

"నార్బర్ట్ పంపాడా?"

"లేదండీ. ఆయన... వాళ్ల అన్నయ్య ఇంట్లో ఉన్నాడు."

"ఆ అన్నయ్య పోస్టాఫీసులో స్టాంపులమ్ముతాడు, నాకూ తెలుసులే" అంది. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, వెనక గదిలోకి కుంటుకుంటూ వెళ్లి, ఎర డబ్బాల వెనకనుంచి ఒక పాత ప్రెస్, కొలత గొట్టం, త్రాసు లాక్కొచ్చింది. "వాడుకో. నా దగ్గరుంటే తుప్పు తినేస్తుంది. ఏ మందు ఇమ్మంటావ్?"

"ఎర్ర డబ్బాది. నార్బర్ట్ వాడేదే."

"అదే ఎందుకు?"

"పన్నెండేళ్లుగా అదే వాడుతున్నాం కదండీ."

"మొగుణ్ణి కూడా పన్నెండేళ్లుగా వాడావు. ఏం బాగుపడ్డావే?"

ఎర్ర డబ్బానే తెచ్చుకున్నాను. ఇంటికొచ్చాక నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగింది.

ఏప్రిల్ 8

మిసెస్ క్విగ్లీ నేర్పుతోంది. కొట్టే చెయ్యి, తిట్టే నోరు. బల్ల మీద ఒకేసారి రెండు మందు డబ్బాలు ఉండకూడదు. రేడియో ఉండకూడదు. పక్కన మనిషి ఉండకూడదు. తూటాల ఇత్తడి గొట్టాల్లో మందు పోశాక, సీసం గుండు కూర్చోబెట్టే ముందు, ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూడాలి. అసలు పడలేదేమో, రెండుసార్లు పడిందేమో. "అసలు పడకపోతే గుండు పిస్తోలు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. రెండుసార్లు పడితే పిస్తోలు పేలి నీ వేళ్లు నేను ఏరాల్సొస్తుంది. నాకు వంగడం కష్టం" అంది.

ఈ పని నాకు బాగుంది. పిండి తూచినట్టే. నార్బర్ట్ ఇన్నేళ్లూ తలుపు వేసుకుని చేస్తుంటే ఇదేదో మంత్రం అనుకున్నాను.

ఏప్రిల్ 15, ఈస్టర్

రాలేదు. పండక్కి వండిన హామ్, పంది తొడ మాంసం, నా ఒక్కదానికి చాలా ఎక్కువ. గిన్నె పట్టుకుని హెస్టర్ ఇంటికి వెళ్లాను. మిసెస్ క్విగ్లీ అని పిలిస్తే ఇక తలుపు తియ్యనంది. అందుకని హెస్టర్.

ఏప్రిల్ 24, మంగళవారం

నేను నింపిన తూటాలతో మొదటిసారి యాభై గజాల గురి. చాలావరకు నల్ల చుక్కలోనే. రెండు మాత్రం ఎటో ఎగిరిపోయాయి. అచ్చం నార్బర్ట్ తూటాల్లాగే! ఎంత సంతోషమో. ఆయనవీ నావీ పక్కపక్కన పెడితే తేడా లేదు.

హెస్టర్ దుర్భిణిలోంచి కన్ను తియ్యలేదు. "ఆ రెండు పోరంబోకు గుండ్లు ఏంటే?"

"అవి నా చెయ్యి. నాకు వణుకుంది."

"ఎవరన్నారు?"

"నార్బర్ట్. పెళ్లయిన కొత్తలోనే కనిపెట్టాడు. అందుకే కాఫీ కూడా మానేశాను, తొమ్మిదేళ్లయింది."

"డాక్టరేమన్నాడు?"

"ఏమీ లేదన్నాడు. మరీ చిన్న వణుకు, డాక్టర్లకి దొరకదు."

హెస్టర్ దుర్భిణిలోంచి కన్ను తీసి నా వంక తిరిగింది. "నువ్వు పొద్దున్న కేకుల మీద చక్కెరతో పిల్లల పేర్లు రాస్తావు కదా? ఎప్పుడైనా అక్షరం వంకర పోయిందా?"

అది వేరు అన్నాను. వేరే కదా.

మే 1

రాష్ట్ర పోటీలకి వెళ్లే క్లబ్బు జట్టు పేర్లు పలక మీద రాశారు. నాయకుడు నార్బర్ట్. నా పేరు లేదు. నా చోట్లో రస్.

"ఈ ఏడు నిన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నాడు నార్బర్ట్, చాలా మెత్తగా. లొరెటా నేల చూస్తోంది. ఆమె మీద నాకు కోపం లేదు. ఉంది.

హెస్టర్ సుద్దముక్క తీసుకుని అదే పలక మీద, జట్టుకి బాగా కింద, విడిగా రాసింది: ఆర్లీన్ హుడాక్, సొంతంగా. నేను చెరపలేదు.

మే 5, శనివారం

ఇది సరిగ్గా రాయాలి.

హెస్టర్ దగ్గర ఒక ఉక్కు పట్టు ఉంది. పిస్తోలు పిడి తీసేసి దాన్ని ఆ పట్టులో బిగిస్తారు. పట్టుని కాంక్రీటు దిమ్మకి బిగిస్తారు. ట్రిగ్గర్‌ని ఒక మీటతో దూరం నుంచి కదిలిస్తారు. మనిషి చెయ్యి దాన్ని తాకదు. తుపాకీ, తూటా, అంతే. మా నాన్న పిస్తోల్ని అలా సంకెళ్లు వేసినట్టు చూడటం నాకు నచ్చలేదు.

"ఇప్పుడు నీ వణుకు ఎక్కడుందో చూద్దాం" అంది హెస్టర్. ఎర్ర డబ్బా తూటాలు పెట్టాం. నేను నింపినవి సగం, నార్బర్ట్ వదిలిపోయిన పెట్టెలోవి సగం. ఒక్కొక్కటే పేలుస్తూ పోయాం. హెస్టర్ నన్ను దుర్భిణి దగ్గరికి పిలిచింది.

మధ్యలో గుంపు. గుంపుకి దూరంగా, ఇటొకటి అటొకటి, పోరంబోకు గుండ్లు. నాకు తెలిసినవే. పన్నెండేళ్లుగా నేను ఎవరికో ఒకరికి క్షమాపణ చెప్పుకుంటున్నవే.

"ఏం చూశావ్?" అంది హెస్టర్.

నేను ఇంకోసారి దుర్భిణిలోకి వంగాను.

"ఉక్కుకి కూడా వణుకుందా? దాన్ని కూడా కాఫీ మానెయ్యమందామా?"

గడ్డి మీద కూర్చుండిపోయాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో హెస్టర్‌కి అర్థం కాక నీళ్లు తెచ్చింది. నాకూ అర్థం కాలేదు.

"రోగం చేతిది కాదే పిచ్చిదానా. మందుది" అంది.

మే 6

నా చెయ్యి కాదు.

కాఫీ కాచుకున్నాను. చేదుగా ఉంది. ఇంకో కప్పు తాగాను.

మే 19

ఎందుకలా అని హెస్టర్‌ని పీక్కుతింటున్నాను. ఇవాళ చూపించింది. ఎర్ర డబ్బా మందు చాలా చురుకు, చిటికెడు చాలు. నా పిస్తోలు తూటా గొట్టమేమో వెడల్పు. అందులో ఆ చిటికెడు మందు పెద్ద గదిలో పిల్లిలాగా ఎటు బడితే అటు తిరుగుతుంది. పిస్తోలు ముక్కు కిందికి వంచి పైకెత్తితే మందు ముందుకి జారి ఉంటుంది, దెబ్బ ఒక రకంగా తగులుతుంది. ముక్కు పైకెత్తి దించితే వెనక్కి జారి ఉంటుంది, దెబ్బ ఇంకో రకంగా తగులుతుంది. రెండు విధాలా కాల్చి అట్ట మీద చూపించింది. అంత తేడా!

"మరి నార్బర్ట్‌కి బాగానే పడుతుందిగా?"

"అతని తూటా గొట్టం వేరు, నీ తూటా గొట్టం వేరు. నువ్వు కాల్చేది మీ నాన్న కాలంది, వదులు. అతను తన పిస్తోలుకి మంచి మందు ఎంచుకున్నాడు. అదే నీకూ పోశాడు. అంతకన్నా ఆలోచించలేదు."

పన్నెండేళ్లు ఆలోచించలేదు. చెడ్డవాడు కాదు. ఆలోచించలేదు, అంతే. ఏది నయమో నాకు తెలియడం లేదు.

బేకరీలో కొత్త పొయ్యి వచ్చిన వారం పాత లెక్కతో కాల్చిన రొట్టెలన్నీ మాడిపోతే నేనే కదా, పొయ్యిని బట్టి లెక్క మార్చాలి అని అందరికీ పాఠం చెప్పింది.

మే 26

పసుపు డబ్బా మందు తెచ్చుకున్నాను. ఎంత అందంగా ఉందో! గసగసాల్లా నున్నగా, గుండ్రంగా. కొలత గొట్టంలోంచి నీళ్లలా దిగుతుంది. ఏసారి తూచినా త్రాసు ముల్లు ఒకేచోట ఆగుతుంది. ఎర్రది రేకులు రేకులుగా ఉండి కొలత గొట్టం గొంతులో అడ్డం పడేది. ఇదే నా మందు. తెలిసిపోయింది.

జూన్ 5

పసుపు డబ్బా. పోరంబోకులు లేవు, కానీ గుంపు విడివిడిగా ఉంది. ఇవాళ గాలి ఉంది.

జూన్ 12

గాలి.

జూన్ 16

గాలి లేదు. గుంపు అలాగే ఉంది. పిస్తోలు లోపల కాలని గింజలు మిగిలాయి, దులిపితే నా చొక్కా చేతుల మీద పడ్డాయి. హెస్టర్ వాటిని వేలితో తీసి నా ముందు పెట్టింది. "ఈ మందుకి గట్టిగా నొక్కితే గానీ ఒళ్లు మండదు. నువ్వేమో మెత్తటి దెబ్బ కావాలంటావు. అందగాడే, కానీ నీ పనికి రాడు."

"ఇంకొక్కసారి చూద్దాం."

"ఇంకొక్కసారి చూద్దామనే కదే నువ్వు పన్నెండేళ్లు..." అని ఆగిపోయింది. మొదటిసారి ఆవిడ ఒక మాట మింగడం చూశాను.

జూన్ 23, శనివారం

తూటాలు నింపుతుంటే ఫోను. కింద బల్ల మీద పని ఉన్నప్పుడు ఎత్తకూడదని హెస్టర్ నియమం. ఎత్తాను. నార్బర్ట్.

"నువ్వేవో ప్రయోగాలు చేస్తున్నావట. జాగ్రత్త ఆర్లీన్. నీకెందుకీ తలనొప్పి?" గొంతు అలసిపోయి ఉంది. లొరెటా చేతి వంట బాగుండదనుకుంటాను. నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఊరికే వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. చాలాసేపు.

తర్వాత కిందికెళ్లి మిగతావి పూర్తి చేశాను. హాయిగా ఉంది.

జూన్ 26, మంగళవారం

క్లబ్బులో వరసగా కాలుస్తున్నాను. ఢాం, ఢాం, తర్వాత టుప్. తడిసిన టపాకాయలా. చెయ్యి అలవాటుగా మళ్లీ ట్రిగ్గర్ మీదికి పోతోంది.

"ఆగు!" అని హెస్టర్ అరిచిన అరుపుకి అన్ని వరసలూ ఆగిపోయాయి. మోకాళ్లు లేవన్న మనిషి నాలుగే అడుగుల్లో నా దగ్గరికొచ్చింది. పిస్తోలు ఖాళీ చేసి, విప్పి, గుండు బయటికొచ్చే గొట్టంలోంచి వెలుతురు చూసింది. వెలుతురు లేదు. గుండు మధ్యలో ఇరుక్కుంది. ఆ తూటాలో మందే లేదు. తూటా అడుగున నిప్పు పుట్టించే టోపీ చిట్లిన ఊపుకే గుండు అంతదాకా దేకింది. వెనకే ఇంకోటి పేల్చి ఉంటే గొట్టం చీలిపోయేది.

"నింపేటప్పుడు ఎవరున్నారు పక్కన?"

"ఎవరూ లేరు."

"ఆర్లీన్."

"ఫోనొచ్చింది."

ఎవరిదని అడగలేదు. ఇత్తడి కడ్డీ పెట్టి చిన్న సుత్తితో గుండుని తట్టి బయటికి తీసింది. నలిగిన సీసం ముక్క నా అరచేతిలో పడేసింది. రస్ దూరం నుంచి "అమ్మయ్య, కేకులు చేసుకోక ఇదంతా ఎందుకండీ" అన్నాడు. నార్బర్ట్ అడ్డంగా తలాడించాడు.

మిగతా తూటాలన్నీ విప్పేశాను. పసుపు డబ్బా హెస్టర్‌కి తిరిగిచ్చేశాను. ఫోను తీగ, పని మొదలుపెట్టే ముందు, గోడలోంచి లాగేయాలి.

జూలై 7

హెస్టర్ కొట్లో కింది అరలో, దుమ్ములో, వెడల్పాటి బూడిదరంగు డబ్బాలున్నాయి. బాతుల వేటగాళ్లు పొడవాటి తుపాకుల్లో వాడే మందు.

"ఇదెందుకు ఇవ్వవు నాకు?" అన్నాను.

"పిస్తోలుకి ఇది వాడితే క్లబ్బులో నవ్వుతారు. పొగ. మసి. పది తూటాలకే నీ మొహం బొగ్గుగని కార్మికుడిలా ఉంటుంది."

"మా నాన్న బొగ్గుగని కార్మికుడే."

హెస్టర్ డబ్బా తీసి తన గౌనుకే తుడిచి ఇచ్చింది. ఈ మందు ఉబ్బుగా ఉంటుంది, చోటు ఆక్రమిస్తుంది. మెత్తటి దెబ్బకి సరిపడా పోస్తేనే గొట్టం చాలావరకు నిండిపోతుంది. జారడానికి ఖాళీ లేదు. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. చూడ్డానికి ఏమీ బాగోదు. చెక్క పొట్టులా ఉంది.

ఆశ పెట్టుకోను.

జూలై 14, శనివారం

ఉక్కు పట్టు. బాతుల మందు. పొగకి హెస్టర్ దగ్గుతూనే ఉంది. పొగ పోయేదాకా ఆగి దుర్భిణిలో చూశాను. అట్ట మీద నాకు ఒకటే చిల్లు కనబడింది. తక్కినవన్నీ అట్ట దాటి పోయాయనుకున్నాను.

హెస్టర్ చూసింది. మళ్లీ చూసింది. "నడు" అంది. మోకాళ్లు లేని మనిషి యాభై గజాలూ నా భుజం పట్టుకుని నడిచింది.

ఒకటే చిల్లు కాదు. అన్ని గుండ్లూ ఒకదాన్నొకటి కొరుక్కుంటూ వెళ్లిన చోటు. అంచులు చిరిగిన ఒకే ఒక్క పెద్ద బెజ్జం. నా బొటనవేలు అందులోంచి అవతలికి పెట్టాను.

"మీ నాన్న పిస్తోలు ఇన్నేళ్లూ నోరు మూసుకుని కూర్చుందే" అంది హెస్టర్. కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల అంది.

జూలై 22, ఆదివారం

నార్బర్ట్ వచ్చాడు. చర్చి చొక్కాలోనే. వంటింట్లో తన కుర్చీలో కూర్చున్నాడు. క్యాబేజీ, నూడుల్స్ వెన్నలో వేయించి పెట్టాను. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"రస్‌కి ఆటలో నిలకడ లేదు. జట్టులో నీ చోటు నీకే ఇచ్చేస్తాను" అన్నాడు.

"మంచిది."

"ఒక్కటే. తూటాలు నేను నింపినవి వాడాలి. మొన్న జరిగింది చూశావుగా? నీకేమన్నా అయితే నేనేమైపోవాలి?" జేబులోంచి ఒక పెట్టె తీసి గిన్నె పక్కన పెట్టాడు. "తర్వాత అన్నీ సర్దుకుంటాయి ఆర్లీన్. లొరెటాది... అదంతా అయిపోయినట్టే."

ఆలోచించి చెబుతానన్నాను. గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని చూసి "ఇప్పుడు కొంచెం తగ్గినట్టుంది వణుకు" అన్నాడు.

జూలై 23

ఇందులో తప్పేముంది? పన్నెండేళ్లు. మనిషన్నాక పొరపాటు చేస్తాడు. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే బాగోలేదు. జట్టులో ఉంటే బస్సులో అందరితో కలిసి వెళ్లొచ్చు. తూటాలు ఎవరు నింపితేనేం? నేను పెద్దగా ఆలోచించడమే లేదు దీని గురించి.

జూలై 24

ఆలోచించడం లేదు.

జూలై 28, శనివారం

హెస్టర్‌కి చెప్పాను. తిడుతుందనుకున్నాను. "నీ ఇష్టం. కానీ అతను తెచ్చిన పెట్టెకి కూడా న్యాయం చెయ్యి" అంది. ఉక్కు పట్టులో బిగించి నార్బర్ట్ తెచ్చిన తూటాలు పేల్చాం. మనసులో ఒక మూల, ఈసారి బాగా పడాలని కోరుకున్నాను. ఎందుకో రాయను.

గుంపు. గుంపుకి దూరంగా పోరంబోకులు.

ఎర్ర డబ్బా మందే. అదే కొలత. ఏమీ మారలేదు.

ఇంటికొచ్చి నార్బర్ట్‌కి ఫోను చేశాను. లొరెటా ఎత్తింది. అయిపోయినట్టే అన్నవాడి ఫోను ఇంకా ఆమే ఎత్తుతోంది. పాపం, ఆమెకీ ఏం చెప్పాడో. నార్బర్ట్‌ని పిలవమన్నాను.

"జట్టులో చోటు రస్‌కే ఉంచు. నేను విడిగా వస్తున్నాను."

"ఆ బాతుల మందుతోనా?" నవ్వాడు. ఎవరు చెప్పారో. "అందరి ముందూ నవ్వులపాలవుతావు. నీ మంచికే చెబుతున్నా."

"నా చేతికి వణుకు లేదు నార్బర్ట్."

"ఏంటి?"

"లేదు. ఎప్పుడూ లేదు." ఫోను పెట్టేశాను. అప్పుడు మాత్రం నిజంగానే వణికింది.

ఆగస్టు 14

బేకరీ, కింద గది, కాల్పుల రేంజి, నిద్ర. క్లబ్బులో నా వరసకి అటూ ఇటూ ఎవరూ నిలబడటం లేదు, పొగకి. "క్వాక్ క్వాక్" అంటున్నాడు రస్. ఇవాళ నా అట్ట తీసుకొచ్చాక అనలేదు.

ఆగస్టు 26, ఆదివారం. రాష్ట్ర పోటీల నుంచి ఇప్పుడే వచ్చాం. అంతా రాసేదాకా బట్టలు కూడా మార్చను.

నిన్న దగ్గరి గురి, వేగంగా కాల్చేవి. బాగా పోయింది. ప్రతి విడతకీ పిస్తోలు విప్పి మసి తుడవాల్సొచ్చింది, లేకపోతే ఇరుక్కునేది. నా వెనక వంటింటి గుడ్డతో హెస్టర్. చూసేవాళ్లకి మేము గిన్నెలు తోముకోవడానికి వచ్చినట్టుంది. సాయంత్రానికి పట్టికలో నార్బర్ట్ పైన, నేను కింద. వెనకబడింది కొంచెమే.

ఇవాళ యాభై గజాల నిదానపు గురి. అసలు పరీక్ష. పక్క నుంచి గాలి, సన్న జల్లు. కాల్చే వరసలో నార్బర్ట్‌కీ నాకూ మధ్య ఒకే ఒక్క మనిషి. ఈరీ సరస్సు ఒడ్డు నుంచి వచ్చిన పెద్దాయన. నా పొగ మొదటిసారి ఆయన మొహం మీదికి పోయినప్పుడు "అమ్మా, బాతు పడిందా?" అన్నాడు. నేను నవ్వేశాను. భుజాలు వదులయ్యాయి. ఆయనకి మేలు కలుగుగాక.

ఇన్నాళ్లూ యాభై గజాల గురి అంటే నాకు కోర్టులో నిలబడ్డట్టుండేది. ట్రిగ్గర్ లాగాక దుర్భిణిలోకి చూడాలంటే భయం. మనసు నల్ల చుక్క అంటుంది, అట్ట కాదంటుంది. నాకూ అట్టకీ మధ్య ఎవరో అబద్ధం చెబుతున్నారు, ఆ ఎవరో నేనే అనుకున్నాను. ఇవాళ అలా లేదు. లాగిన క్షణంలో పిస్తోలు మీది గురి ముల్లు ఎక్కడుందని నేను చూశానో, గుండు సరిగ్గా అక్కడే ఉంది. కొంచెం ఎడమకి అనుకున్నానా, కొంచెం ఎడమకే. నడిమధ్య అనుకున్నానా, నడిమధ్యే. మనం అన్న మాట విని, ఉన్నదున్నట్టు తిరిగి చెప్పే మనిషి దొరికితే ఎలా ఉంటుంది? అలా ఉంది.

చివరి విడతలో ఒకటి పోయింది. గాలి తోసింది, నేను తొందరపడి లాగేశాను. దుర్భిణిలో చూడకముందే "కింద, కుడివైపు" అన్నాను పైకే. చూస్తే కింద, కుడివైపు. అది నాది. పూర్తిగా నా తప్పు. ఒక తప్పు నాదేనని తెలియడం ఇంత హాయిగా ఉంటుందని నాకు తెలియదు. ఊపిరి పీల్చుకుని మిగతావి కాల్చాను. మిగతావి ఎక్కడికీ పోలేదు.

పట్టిక మీద అంకెలు ఎక్కిస్తుంటే నేను దగ్గరికి వెళ్లలేదు. పిస్తోలు తుడుస్తూ కూర్చున్నాను. జనం ఒక్కసారి హోరెత్తారు. ఈరీ పెద్దాయన టోపీ తీసి నా వైపు ఊపాడు. హెస్టర్ కర్ర పారేసి వస్తోంది. కర్ర పారేసి!

"ఎంతమంది మీద గెలిచాను?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న.

"అందరి మీదా!" అరిచింది. "అందరి మీదానే! వాడి మీదా, వీడి మీదా, పోలీసు జట్టు మీదా! నల్లమొహందానా, నీ మొహం చూసుకున్నావా?" నా మసి మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది. ఇద్దరి మొహాలూ నల్లబడ్డాయి.

నార్బర్ట్ వచ్చాడు. రెండో స్థానం. చెయ్యి చాపాడు, కలిపాను. దగ్గరికి జరిగి, ఎవరూ వినకుండా, "ఏ డబ్బా అది?" అన్నాడు.

"బూడిద రంగుది. హెస్టర్ కొట్లో కింది అరలో ఉంటుంది. కానీ నీ గొట్టానికి పడకపోవచ్చు. పెట్టి చూసుకో."

అలా ఊరికే చెప్పేస్తానని అనుకోలేదు. "ఇంటికి రానా ఆర్లీన్?" అన్నాడు. నిజంగానే అన్నాడు, మొహంలో తెలిసింది. మార్చిలో అని ఉంటే, ఏప్రిల్‌లో అని ఉంటే, ఆఖరికి మొన్న జూలైలో కూడా...

"వద్దు" అన్నాను. మెల్లగానే అన్నాను. అతనికి ఇంకేదైనా చెప్పాలనిపించి వెతుక్కున్నాను. ఏమీ లేదు. ఒక్క మాటే సరిపోయింది. తల ఊపి వెళ్లిపోయాడు. వాన పెరిగింది.

బహుమతి ఇచ్చే ముందు ఒక కుర్ర అధికారి కాగితం పెట్టి రాసుకునే పలక పట్టుకుని వచ్చాడు. గెలిచినవాళ్ల వివరాలు సంఘం పత్రికలో వేస్తారట. పిస్తోలు ఏదని అడిగాడు. మా నాన్నదన్నాను. అది కాదండీ, తయారీ అన్నాడు. చెప్పాను. మందు? చెప్పాను. పెన్ను ఆపి నా మొహం చూసి, పొగ మరకలు చూసి, నమ్మి రాసుకున్నాడు. చుట్టూ జనం ఉన్నారు. రస్ ఉన్నాడు. గొడుగు కింద లొరెటా ఉంది. నార్బర్ట్ తన పెట్టె సర్దుకుంటూ వీపు తిప్పి నిలబడ్డాడు.

"తూటాలు నింపింది ఎవరండీ?"

"నేను" అన్నాను.

"పేరు?"

చెప్పాను. అక్షరాలు కూడా ఒక్కొక్కటే పలికి చెప్పాను. సరిగ్గా రాశాడో లేదోనని వంగి చూశాను. సరిగ్గానే రాశాడు.